లైనక్స్ అడ్మిన్ పని చేత్తో నేర్చుకునేది

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్లను చూసుకునేవాడే లైనక్స్ అడ్మిన్. ఆ ఉద్యోగం ఇంటర్వ్యూల్లో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. సర్వర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయింది. వెతికితే ప్రోగ్రాములు తమ పని నమోదు చేసుకునే లాగ్ ఫైలు పెద్దది ఒకటి కనిపించింది, డిలీట్ చేశారు. అయినా ఖాళీ రాలేదు. ఎందుకు?

కమాండ్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగల అభ్యర్థి కూడా ఇక్కడ ఆగిపోతుంటాడు. డిస్క్ వాడకం చూపే డీఎఫ్ తెలుసు, ఫోల్డర్ల సైజు కూడి చెప్పే డీయూ తెలుసు, ఫైలు తీసేసే ఆర్ఎం తెలుసు. డీఎఫ్ ఒక లెక్క, డీయూ ఇంకో లెక్క చెబుతుంటే ఏది నమ్మాలో తెలియదు. నిజానికి రెండూ సరైన లెక్కలే. లైనక్స్‌లో ఫైలు వేరు, ఫైలు పేరు వేరు. పేరు డైరెక్టరీలో రాసిపెట్టిన చిరునామా లాంటిది. అది చూపించే ఐనోడ్ దగ్గర అసలు ఫైలు వివరాలుంటాయి. ఆర్ఎం కొట్టేసేది ఆ పేరునే. ఈలోగా ఏ ప్రోగ్రామైనా ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా ఫైలు డిస్క్ మీద అలాగే ఉంటుంది. డీయూ పేర్ల వెంట తిరుగుతుంది కాబట్టి దానికి కనపడదు. డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌ని అడుగుతుంది కాబట్టి నిండిపోయిందనే చెబుతుంది. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లను వెతికి, వాటిని పట్టుకున్న సర్వీసును అనుమతి తీసుకుని రీస్టార్ట్ చేస్తే ఖాళీ తిరిగొస్తుంది. మొదట్లోనే ఫైలును తీసేయకుండా లోపలున్నదాన్ని మాత్రం ఖాళీ చేసి ఉంటే ఈ టెన్షన్ ఉండేదే కాదు.

కమాండ్లు నెల రోజుల్లో వచ్చేస్తాయి. డీఎఫ్‌కీ డీయూకీ లెక్క ఎక్కడ తేడా పడిందో చెప్పాలంటే మాత్రం, ఆ పరిస్థితిని కనీసం ఒకసారి సొంత మెషిన్ మీద కావాలని తెచ్చిపెట్టుకుని ఉండాలి. విశాఖలో ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లు డబ్బునీ కాలాన్నీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు ఊళ్లో గట్టిగా వినిపించడానికి కారణాలున్నాయి. రుషికొండలో ఇన్ఫోసిస్ కార్యాలయం 2023 అక్టోబరులో మొదలైంది. టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు భూమి ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2025లో నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరు 14న గూగుల్, 2026 నుంచి 2030 వరకు అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు అందులో భాగం. వార్త వచ్చిన రోజు నుంచి మధురవాడలోనూ గాజువాకలోనూ తల్లిదండ్రులు అడుగుతున్నది ఒకటే: మా పిల్లలు ఏం నేర్చుకుంటే అందులో చోటు దొరుకుతుంది?

సూటిగా చెప్పాలంటే, డేటా సెంటర్ అనే భవనంలో దాని పెట్టుబడితో పోల్చితే పనిచేసే మనుషులు తక్కువే. లోపల ఉండేది విద్యుత్తు, శీతలీకరణ, భద్రత చూసేవాళ్లు, చెడిపోయిన డిస్కులూ కేబుళ్లూ మార్చే టెక్నీషియన్లు. ఆ ర్యాకుల్లో నడిచే వేల సర్వర్ల నిర్వహణ ఎక్కడినుంచైనా చేయవచ్చు. అంటే సర్వర్ తర్లువాడ పక్కన ఉన్నంత మాత్రాన దాని అడ్మిన్ ఆనందపురం కుర్రాడే అవుతాడన్న హామీ లేదు. అతను పుణె, బెంగళూరు అభ్యర్థులతో పోటీ పడాలి. అలాగే పుణెలోని సర్వర్‌ను సీతమ్మధారలో ఇంట్లో కూర్చుని చూసుకునే అవకాశమూ అతనికుంది. దూరం ఇటు అడ్డమూ కాదు, అటు ఆసరా కూడా కాదు. పని వచ్చా రాదా అన్నదే మిగులుతుంది. అందుకే డేటా సెంటర్ పేరు చెప్పి ఫీజు వసూలు చేసే కోర్సు కనిపిస్తే, ఆ ఫీజులో ఎన్ని గంటలు చేత్తో పని చేయిస్తారో ముందు అడగాలి.

చేత్తో నేర్చుకునే పని ఈ ఊరికి కొత్త కాదు. 1948లో జల ఉష నౌక నీళ్లలోకి దిగిన షిప్‌యార్డు ఇక్కడిదే. డాక్‌యార్డు, స్టీల్ ప్లాంట్ తరాల తరబడి అప్రెంటిస్‌లను తయారుచేశాయి. ఆకురాయి పట్టకుండా, గ్రీజు అంటకుండా ఫిట్టర్ అయినవాడు సింధియా నుంచి కూర్మన్నపాలెం దాకా ఒక్కడూ దొరకడు. లైనక్స్ అడ్మిన్ పని కూడా సరిగ్గా ఆ జాతిదే. ఒక పెద్ద తేడా మాత్రం ఉంది, అది నేర్చుకునేవాడికి మేలు చేసే తేడా. బ్లాస్ట్ ఫర్నేస్‌ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకోలేం. సర్వర్‌ని పెట్టుకోవచ్చు.

ఆ వీలు దానంతట అది రాలేదు. సాఫ్ట్‌వేర్‌ని వాడుకునే, చదివే, మార్చే, పంచే స్వేచ్ఛ అందరికీ ఉండాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991 ఆగస్టులో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల వయసులో తన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గురించి ప్రపంచానికి చెప్పాడు, తర్వాత దాన్ని ఆ స్వేచ్ఛలను కాపాడే గ్నూ వారి జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. ఈరోజు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. కంచరపాలెంలో ఒక పాత ల్యాప్‌టాప్ మీద ఎక్కించేదీ ఆ కెర్నలే. నేర్చుకునేవాడికి నకలు ఇచ్చి, అసలు దాచుకునే పద్ధతి ఇక్కడ లేదు. పేదింటి విద్యార్థికి ఇంతకంటే పెద్ద సాయం చేసిన సాంకేతిక విద్య మరొకటి కనిపించదు.

ఇంట్లో ఏర్పాటుకు పెద్ద ఖర్చు లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కంప్యూటర్ లోపలే వేరే కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టుకుంటే, గ్రాఫిక్స్ లేని రెండు సర్వర్లను చెరో 2 జీబీతో నడపవచ్చు. రెండు ఉండాలి. ఒకే మెషిన్‌తో నెట్‌వర్క్, దూరంనుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్, అక్కర్లేని కనెక్షన్లను ఆపే ఫైర్‌వాల్ సరిగా అర్థం కావు. పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10 నడవాలంటే ప్రాసెసర్‌లో ఉండాల్సిన సదుపాయాలు సుమారు 2013కి ముందు వచ్చిన చిప్‌లలో ఉండవు. అలాంటి మెషిన్‌కు 9వ వెర్షనో, డెబియన్ అనే ఇంకో రకం లైనక్సో మేలు. రెడ్‌హ్యాట్ వ్యక్తులకు ఇచ్చే డెవలపర్ సబ్‌స్క్రిప్షన్‌తో 16 సిస్టమ్‌ల వరకు ఉచితంగా నడుపుకోవచ్చన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఇక మెషిన్‌ని పాడుచేయాలి. ఇది మాటవరసకు అనేది కాదు. ఉదాహరణకు, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌టాబ్ ఫైలు తీసుకుందాం. అందులో ఒక లైన్‌లో డిస్క్ గుర్తింపు సంఖ్యలో ఒక్క అక్షరం మార్చి రీబూట్ చేయాలి. మెషిన్ ఆ డిస్క్ కోసం సుమారు నిమిషంన్నర చూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి, అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. నల్లటి తెర మీద ఆ వాక్యం మొదటిసారి చూసినప్పుడు గుండె దడదడలాడుతుంది. ఆ దడ ఇంట్లో తీరిపోవాలి, ఆఫీసులో కాదు. లోపలికి వెళ్లి, సిస్టమ్ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఏ యూనిట్ ఫెయిలైందో చదివి, అవసరమైతే రూట్ ఫైల్‌సిస్టమ్‌ని రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేసి, లైన్ సరిదిద్ది బయటికి రావాలి. రెండుసార్లు ఇలా చేసినవాడికి ఒక అలవాటు శాశ్వతంగా పడుతుంది: ఎఫ్ఎస్‌టాబ్ మార్చిన ప్రతిసారీ రీబూట్ చేసేముందు అందులోని డిస్కులన్నీ తగిలించి చూసే మౌంట్ మైనస్ ఏ కొట్టి తప్పేమైనా ఉందేమో చూసుకోవడం. ఈ అలవాటును పుస్తకంలో ఒక లైన్‌గా చదివినవాళ్లు మర్చిపోతారు.

అలాగే రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు నటించి తిరిగి తెచ్చుకోవాలి. డిస్క్‌ని చిన్న చిన్న ఫైళ్లతో నింపి, జీబీలకు జీబీలు ఖాళీ ఉన్నా ఐనోడ్లు అయిపోతే కొత్త ఫైలు ఎందుకు పుట్టదో చూడాలి. డిస్క్ జాగాను కలిపి పంచే ఎల్‌వీఎం మీద ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ని పెంచి, తర్వాత తగ్గించబోయి, అది తగ్గదని తెలుసుకోవాలి. టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టగానే ఎందుకు మొరాయించిందో కనుక్కోవాలి. చాలాసార్లు కారణం, కమాండ్లను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే పాత్ సెట్టింగు క్రాన్‌కి టెర్మినల్‌లో ఉన్నట్టు ఉండకపోవడమే.

నేర్చుకునే దశలో తప్పకుండా పడే ఒక చెడు అలవాటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వెబ్‌సర్వర్ పేజీ చూపించడం లేదు, పర్మిషన్ డినైడ్ అంటోంది. వెంటనే పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ 777 కొడతారు. అంటే ఆ మెషిన్‌లో ఉన్న ప్రతి యూజర్‌కూ, ప్రతి ప్రోగ్రాముకూ చదవడానికీ రాయడానికీ నడపడానికీ తలుపులు బార్లా తీసిపెట్టడం. అప్పటికీ పని కాకపోతే ఎస్‌ఈలైనక్స్‌ని ఆపేస్తారు. 2000 సంవత్సరంలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ బయటపెట్టిన ఈ రక్షణ పొర, వెబ్‌సర్వర్ దేన్ని ముట్టుకోవచ్చో దేన్ని ముట్టుకోకూడదో పర్మిషన్లకు అతీతంగా చూస్తుంది. పై సమస్యలో తరచుగా ఉండే అసలు కారణం చాలా చిన్నది. ఫైలును హోమ్ డైరెక్టరీలో తయారుచేసి వెబ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయకుండా మూవ్ చేయడంతో, దానిమీద ఎస్‌ఈలైనక్స్ వేసిన పాత లేబుల్ అలాగే ఉండిపోతుంది. రీస్టోర్‌కాన్ అనే ఒక్క కమాండ్‌తో లేబుల్ సరిపోతుంది. పని అయిపోయింది కదా అని తలుపులు తీసిపెట్టి వెళ్లడం, ఎక్కడ ఇరుక్కుందో చూసి ఆ ఒక్క మేకు సరిచేయడం, రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా ఏణ్నర్థం తర్వాత ఆ సర్వర్ మీద దాడి జరిగిన రోజున తెలుస్తుంది. శిక్షణ ఇచ్చేవాళ్లే మొదటి క్లాసులో ఎస్‌ఈలైనక్స్ ఆపేయించడం విద్యార్థులకు చేసే అన్యాయం.

శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి విశాఖ వచ్చే పిల్లల భయం ఇంకొకటి: ఇంగ్లిష్. కమాండ్ల వాడకం వివరించే మాన్ పేజీలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఎర్రర్లూ అంతే. కానీ ఈ పనికి కావలసిన ఇంగ్లిష్ చాలా కొంచెం. రోజూ ఎదురయ్యే ఎర్రర్ వాక్యాలు యాభై దాటవు. వాటి అర్థం మాత్రం సూదిమొనంత కచ్చితంగా తెలిసి ఉండాలి. కనెక్షన్ రిఫ్యూజ్డ్, కనెక్షన్ టైమ్డ్ అవుట్ అనే రెండింటినీ చాలామంది ఒకే గాటన కట్టి సర్వర్ డౌన్ అనేస్తారు. ఎంవీపీ కాలనీలో ఒక దుకాణానికి వెళ్లామనుకోండి. దుకాణం దొరికింది, వాచ్‌మన్ ఎదురొచ్చి లోపల ఎవరూ లేరని మొహం మీదే చెప్పాడు. అది రిఫ్యూజ్డ్. మెషిన్ బతికే ఉంది, దారి బాగానే ఉంది, ఆ పోర్టులో వినే సర్వీసు మాత్రం నడవడం లేదు. వెళ్లి సర్వీసును చూడాలి. అదే గేటు ముందు ఎంతసేపు పిలిచినా పలికేవాళ్లే లేకపోతే అది టైమ్డ్ అవుట్. చిరునామా తప్పు కావచ్చు, దారిలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తుండవచ్చు, మెషినే ఆగిపోయి ఉండవచ్చు. సర్వీసు రీస్టార్ట్ చేస్తే ఇక్కడ ఒరిగేదేమీ లేదు. ఈ రెండు వాక్యాల తేడా తెలిసినవాడు అర్ధరాత్రి గంట సమయం ఆదా చేస్తాడు. అతని ఇంగ్లిష్ ఉచ్చారణ ఎలా ఉందన్నది ఆ గంటలో ఎవరికీ పట్టదు.

మెషిన్ చెప్పేది ఎంత శ్రద్ధగా వినాలో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన టెస్ట్ మెషిన్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు సుమారు అర సెకను ఆలస్యం అవుతున్నాయనీ, సీపీయూ ఉండాల్సినదానికంటే ఎక్కువ వాడుతున్నాయనీ గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. తవ్వుకుంటూ వెళితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. రెండేళ్లకు పైగా మంచి సహకారిగా నటించి నమ్మకం సంపాదించిన వ్యక్తి చేసిన పని అది. పెద్ద సంస్థల సర్వర్లలో నడిచే స్థిరమైన వెర్షన్లలోకి చేరకముందే దొరికిపోయింది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ మామూలుగా ఎంతసేపు పడుతుందో అతనికి తెలిసి ఉండటం వల్లే ఇది బయటపడింది. బాగున్నప్పుడు మెషిన్ ఎలా ఉంటుందో రోజూ చూసి ఉంటేనే, బాగాలేనప్పుడు తేడా తెలుస్తుంది. మెషిన్ మీద పని భారం చెప్పే లోడ్ యావరేజ్ మామూలుగా ఎంత, జర్నల్‌లో రోజూ వచ్చే హెచ్చరికలేవి, ఏ పోర్టులు తెరిచి ఉంటాయి అన్నవి సొంత మెషిన్ మీద రోజుకు పది నిమిషాలు చూసే విద్యార్థికి ఆ చూపు అలవడుతుంది.

సర్టిఫికెట్ల సంగతి. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షకు ఇక్కడ విలువ ఉంది, దానికి తగిన కారణమూ ఉంది. అందులో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలుండవు. మెషిన్ ముందు కూర్చోబెట్టి పనులిస్తారు. ఇంటర్నెట్ ఉండదు, సిస్టమ్‌తో వచ్చే డాక్యుమెంటేషన్ మాత్రమే చూసుకోవచ్చు. 300 మార్కులకు 210 రావాలి. చేసిన మార్పులన్నీ రీబూట్ తర్వాత కూడా నిలవాలి. పై పేరాల్లో చెప్పిన ఎఫ్ఎస్‌టాబ్ తప్పు పరీక్షలో చేస్తే, మెషిన్ బూట్ కాక మిగతా కష్టమంతా వృథా అవుతుంది. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. లైనక్స్ ఫౌండేషన్ ఇచ్చే ఎల్ఎఫ్‌సీఎస్ కూడా చేతిపని పరీక్షే. పాత ప్రశ్నలు బట్టీపట్టించి పాస్ చేయిస్తామనే చోట డబ్బు కట్టడం దండగ. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది బయటపడిపోతుంది.

ఏ డిస్ట్రిబ్యూషన్ (లైనక్స్ రకం) నేర్చుకోవాలన్న చర్చ మీద మాత్రం కాలం వృథా చేయనక్కర్లేదు. ఏళ్ల తరబడి శిక్షణ కేంద్రాలన్నీ రెడ్‌హ్యాట్ లైనక్స్‌కు ఉచిత రూపమైన సెంటాస్ మీదే నేర్పాయి. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 ని 2021 డిసెంబరుతో ఆపేస్తున్నామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. దాని స్థానంలో రాకీ లైనక్స్, ఆల్మాలైనక్స్ పుట్టుకొచ్చాయి. సెంటాస్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ, ఎల్‌వీఎం, ఎస్‌ఈలైనక్స్ అర్థం చేసుకున్నవాళ్లు ఒక్క వారం కూడా నష్టపోలేదు. రెడ్‌హ్యాట్ కుటుంబం నుంచి ఒకటి, డెబియన్ కుటుంబం నుంచి ఒకటి చూసి ఉంటే చాలు.

మొదటి ఉద్యోగం చాలావరకు ఎల్1 సపోర్ట్, అంటే ఫిర్యాదులు (టికెట్లు) మొదట వచ్చే మెట్టు. అమెరికా క్లయింట్ల కోసం రాత్రి షిఫ్టు, టికెట్ల వరుస, ముందే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం చేయాల్సిన పనులు. విసుగు పుడుతుంది, నిద్ర చెడుతుంది, రాత్రి రెండింటికి షిఫ్టు దిగే అమ్మాయిలకు ఇంటికి చేరే బండి భద్రత నిజమైన సమస్య. ఇవి ముందే తెలుసుకుని దిగాలి. అక్కడినుంచి పైకి తీసుకెళ్లేది, రోజూ వచ్చే టికెట్‌ని మళ్లీ రాకుండా చేసే ప్రయత్నం. ఒకే పని మూడోసారి వచ్చినప్పుడు కమాండ్లను వరుసగా నడిపే బాష్ స్క్రిప్టు రాయాలి. అదే పని నలభై సర్వర్ల మీద చేయాల్సి వస్తే, చాలా మెషిన్ల మీద ఒకేసారి పని చేయించే యాన్సిబుల్ నేర్చుకోవాలి. డెవ్‌ఆప్స్ పేరుతో నేరుగా కంటైనర్లను నడిపే డాకర్, కుబర్నెటిస్‌లోకి దూకించే కోర్సులు ఊళ్లో పెరిగాయి. కంటైనర్ అంటే చివరికి లైనక్స్ కెర్నల్‌లోని నేమ్‌స్పేసులూ (ఏం కనపడాలో తేల్చేవి) సీగ్రూపులూ (ఎంత వాడుకోవాలో తేల్చేవి) కలిపి ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) చుట్టూ కట్టిన దడి. ప్రాసెస్, సిగ్నల్, ఫైల్ డిస్క్రిప్టర్ అంటే తెలియని విద్యార్థికి కంటైనర్ హఠాత్తుగా చచ్చిపోయినప్పుడు మెమరీ పరిమితి దాటడంతో కెర్నలే దాన్ని చంపిందని ఎలా తడుతుంది?

బ్యాకప్ గురించి విశాఖ వాళ్లకు వేరేవాళ్లు పాఠం చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, కిటికీలు ఊడి వాన ఆఫీసుల లోపలే కురిసింది. సర్వర్ ఉన్న గదిలోనే బ్యాకప్ డ్రైవ్ కూడా ఉంటే అది బ్యాకప్ కిందికి రాదని ఆ వారంలో అర్థమైనంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఈ రంగంలో పాత సూత్రం ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో. ఇంట్లో నేర్చుకునే విద్యార్థి కూడా ఇది చేయవచ్చు. తన కాన్ఫిగరేషన్ ఫైళ్లు, స్క్రిప్టులు, నోట్సు ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పాలకొండలోనో చోడవరంలోనో అమ్మమ్మగారి ఇంట్లో ఉంచితే చాలు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పాతది తెచ్చుకుని కొత్తది పెట్టి రావాలి. తెచ్చినదాన్ని బీరువాలో పడేయకుండా, ఖాళీ వర్చువల్ మెషిన్ ఒకటి పెట్టి అందులోంచి మొత్తం సర్వర్‌ను మళ్లీ నిలబెట్టి చూడాలి. మొదటిసారి ఏదో ఒకటి తక్కువ పడుతుంది, సాధారణంగా అది క్రాన్‌టాబో, ఫైర్‌వాల్ రూల్సో.